ముప్పావు లెక్క

మొజాయిక్ గచ్చులు వేయడంలో తనను మించినవాడు లేడని మేస్త్రి అనేవాడు. మిగతావాళ్ళూ అనేవాళ్ళు గానీ, ఆయన అన్నన్నిసార్లు మాత్రం కాదు. ఎదురుగా ఉన్నప్పుడు అందరికీ ఆయన మేస్త్రిగారు. పక్కకి తిరిగితే నోటిలెక్క మేస్త్రి. ఆ రెండో పేరు కూడా ఆయనకి ఇష్టమే. వినపడనట్టు నటించేవాడు గానీ, ఆ పూట కూలీలకి టీ ఆయన ఖాతాలో వచ్చేది.

ఇప్పుడు ఆ గచ్చులు వేసేవాళ్ళూ లేరు, వేయించుకునేవాళ్ళూ లేరు. రంగురాళ్ళను శనగబద్దలంత పలుకులుగా కొట్టి, తెల్ల సిమెంటులో కలిపి, నేల మీద పరిచి, గట్టిపడ్డాక సానరాళ్ళతో నీళ్ళు పోసి రుద్దుతూ పోతే, పలుకులు కడుపు చూపించుకుని నున్నగా తేలతాయి. దానికి మోకాళ్ళు అరగాలి, ఓపిక అరగాలి. కాస్త కలిగినవాళ్ళు ఇల్లు కట్టుకుంటే ముందు హాలు నాలుగు పక్కలా సమానంగా కట్టించుకునేవారు, నడిమధ్య పువ్వు పడాలని. గది చదరంగా లేకపోతే పువ్వు ఒక గోడతో మాటల్లేనట్టు ఇంకో గోడ వైపు జరిగిపోతుంది. అందుకని మేస్త్రి బతుకంతా చదరపు గదుల్లోనే గడిచింది.

చదరపు గదికి లెక్క తేలికే అనుకుంటాం. ఒక పక్క కొలిచి, ఆ కొలతను ఆ కొలతతోనే హెచ్చిస్తే చాలు. కొలత పూర్తి అంకె అయితే పలక పట్టిన పిల్లాడైనా చెబుతాడు. కానీ ఏ గదీ పూర్తి అంకె దగ్గర ఆగదు. పదకొండున్నర దగ్గర ఆగుతుంది, పన్నెండుంబావు దగ్గర ఆగుతుంది, పదమూడు ముప్పావు దాకా పోయి నిలబడుతుంది. అప్పుడు ఇంజనీరు పెన్సిలు వెతుక్కునేవాడు. మేస్త్రి ఒకసారి పైకప్పు వైపు చూసి అంకె చెప్పేసేవాడు. ఇంజనీరు పెన్సిలు చెవి మీద పెట్టేసుకునేవాడు.

ఆ విద్య ఆయనకి తన గురువు దగ్గర అబ్బింది. ఆ ముసలి మేస్త్రి చెప్పింది ఒక్క ముక్క. కొలతలో అర తగిలిందా, పూర్తి అంకెని దాని పై అంకెతో హెచ్చించి, చివర పావు చేర్చు. పదకొండున్నర అయితే పదకొండు పన్నెండ్లు నూట ముప్పై రెండు, పైన పావు. అంతే, నూట ముప్పై రెండుంబావు చదరపడుగులు. ఇది ఎవరు ఎన్నిసార్లు వేసి చూసుకున్నా తప్పదు. పావుకీ ముప్పావుకీ మాత్రం ముసలాయన గోడ మీద బొగ్గుతో చాలాసేపు కుస్తీ పట్టేవాడు. శిష్యుడికి అది చాదస్తంలా కనపడింది. అరకి పనికొచ్చింది పావుకి పనికిరాదా అనుకున్నాడు. పదకొండు ముప్పావు అయితే పదకొండు పన్నెండ్లు నూట ముప్పై రెండు, ముప్పావుకి ముప్పావు తొమ్మిది వీసాలు, అంటే పదహారింట తొమ్మిది, రెండూ కలిపి చెప్పేశాడు. గురువును మించిన శిష్యుణ్ణని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయి ఉంటాడు.

దాచడం ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తాను. ఆ లెక్క అరకి తప్ప దేనికీ పనికిరాదు. ఆ సంగతి ఆయనకి ముసలితనంలో తెలిసింది. తెలిసేసరికి ఎవరికి చెప్పుకోవాలో వాళ్ళలో ఒకరు లేరు.

పార పట్టి సరుకు కలిపేది ఆయన బావమరిది. మేస్త్రి భార్యకి తమ్ముడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది, పెళ్ళయినప్పుడు తనతో పాటే తెచ్చుకుంది. పెట్టె తెచ్చుకుందో లేదో గానీ తమ్ముణ్ణి తెచ్చుకుందని మేస్త్రి వేళాకోళం చేసేవాడు. కుర్రాడు మాత్రం బంగారం. సరుకు కలిపితే మొదటి తట్టకీ చివరి తట్టకీ రంగులో తేడా ఉండేది కాదు. పెద్దయ్యాక విడిగా ఇల్లు తీసుకున్నా, రోజూ అక్క దగ్గరికి వచ్చేవాడు. పని దగ్గర మేస్త్రిగారూ అని, ఇంటి గుమ్మం దాటగానే బావా అని పిలిచేవాడు. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడని సామెత. బావమరిది మంచినీళ్ళు అందించినా, నేల మట్టం చూసే రసమట్టం మర్చిపోతే పరిగెత్తుకెళ్ళి తెచ్చినా మేస్త్రి ఆ సామెతే చదివేవాడు.

ఇంట్లో భార్య ఉండేది, మొగుడి లెక్కకి ఊళ్ళో అందరికన్నా పెద్ద అభిమాని. పెరటి గోడ అవతల పక్కింటావిడ ఎదురైతే చాలు, మా ఆయన నోటిలెక్క ముందు ఏ చదువుకున్నవాడూ నిలబడలేడని మొదలుపెట్టేది. చీటికీ మాటికీ ఆయన్ని తన ముందు లెక్క చెప్పమనేది. ఆయన చెబుతుంటే తమ్ముడి వైపు చూసి కళ్ళెగరేసేది, చూశావా అన్నట్టు. తమ్ముడు తల ఊపేవాడు.

మొదట్లో కొన్ని గదుల్లో సరుకు మిగిలింది. అవన్నీ పావు గదులని ఎవరూ గమనించలేదు. మిగిలితే అది తన చేతి చలవ అని మేస్త్రి మీసం దువ్వుకుని, మిగులు ఇంటివాళ్ళకి అప్పగించి మెప్పు పొందాడు. ఒకటి రెండు గదుల్లో తగ్గింది. అవి ముప్పావు గదులు. ఒకసారి పలుకులు అమ్మినవాడి తక్కెడని తిట్టాడు, ఇంకోసారి జల్లెడని తిట్టాడు. ఆ తరువాత కొన్నేళ్ళు ఏ గదిలోనూ సరుకు చాలకపోవడం అంటూ లేదు. మేస్త్రి లెక్కంటే సూది బెజ్జంలో దారం అని పేరు స్థిరపడింది. అలా ఎలా సరిపోతోందని ఆయన ఆలోచించలేదు. తన గొప్ప నిజమేనా అని తిరగేసి చూసుకునేవాడు ఎవడు?

అప్పుడు వచ్చింది ఊరి గ్రంథాలయం పని. చదువుకునే హాలుకి గచ్చు వేయాలి. ఆయన చేతిలో పడిన గదుల్లోకెల్లా పెద్దది, పక్కకి ఇరవై మూడు ముప్పావు అడుగులు. మేస్త్రి పైకప్పు చూశాడు. ఇరవై మూడు ఇరవై నాలుగులు అయిదు వందల యాభై రెండు, పైన తొమ్మిది వీసాలు. ఎప్పుడూ వాడే ఆకుపచ్చ పలుకులు ఆ లెక్కకే తెప్పించాడు. ఆ రంగు రాయి ఒక గనిలోనే దొరికేది, ఆ గని కూడా అడుగంటుతోందని అప్పటికే చెప్పుకుంటున్నారు.

గచ్చు వేసేవాళ్ళు ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ తలుపు దగ్గరికి వస్తారు, లేకపోతే తామే లోపల చిక్కుకుపోతారు. నేలని గాజు పట్టీలతో గడులుగా విడగొట్టి, గడి తరువాత గడి నింపుకుంటూ వచ్చారు. తలుపు ముందు గడి మిగిలింది. సరుకు మిగల్లేదు. ఆ వేళకే గ్రంథాలయం పెద్దాయన నలుగురిని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మంచి మనిషే, నవ్వుతూనే అడిగాడు.

"ఏం మేస్త్రీ, లెక్క తప్పిందా?"

కూలీలందరూ తలలెత్తారు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. తన లెక్క తప్పదనీ, తప్పితే సరుకే తప్పి ఉంటుందనీ అన్నాడు. బావమరిది పార గోడకి ఆనించి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. సైకిలు వెనక బస్తా ఉంది. విప్పితే, అవే ఆకుపచ్చ పలుకులు.

గచ్చు గట్టెక్కడానికి అది చాలు. కానీ మేస్త్రి బుర్రలో అప్పటికే ఇంకో లెక్క నడుస్తోంది. నా సరుకు నీ ఇంట్లోకి ఎలా వచ్చిందని అడిగాడు. మిగిలిందని చెప్పాడు వాడు. ఏ పనిలో మిగిలిందని అడిగితే నోరు మెదపలేదు. ఒకసారి పెద్దాయన వైపు, ఒకసారి కూలీల వైపు చూసి తల దించుకున్నాడు. ఆ మౌనం మేస్త్రికి ఒప్పుకోలులా కనపడింది. ఎన్ని గదుల నుంచి ఎత్తావురా అన్నాడు. అక్క పెట్టిన అన్నానికి ఇదా అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవన్నీ తిరిగి రాయడం నాకిష్టం లేదు. దొంగసొత్తుతో నా గచ్చు నింపనని బస్తా ఎత్తి మెట్ల మీదికి విసిరేశాడు. పలుకులు మెట్లన్నీ దొర్లుకుంటూ వీధిలోకి పోయాయి. బావమరిది వాటిని ఏరుకోలేదు. చెప్పులు వేసుకుని, సైకిలు కూడా అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు.

తలుపు దగ్గర గడి మర్నాడు కొత్త సరుకుతో నింపారు. గని మారింది, రంగు మారింది. ఎంత పాలిష్ పట్టినా ఆ గడి మిగతా హాలుతో కలవలేదు. లోపలికి అడుగు పెట్టేవాడెవడైనా ముందు దాని మీదే పెట్టాలి.

గొడవ జరిగిన సాయంత్రమే అన్నాల దగ్గర ఆమె అంతా విన్నది. ఏడవలేదు, వాదించలేదు. కూర వడ్డిస్తూ, వంచిన తల ఎత్తకుండా అడిగింది.

"లెక్క ఇంకొక్కసారి చూసుకోరాదూ?"

ఆయన పళ్ళెం తోసేసి లేచాడు. మొగుడి కన్నా దొంగ మీద నమ్మకం ఎక్కువైందా అన్నాడు. వాడు నా గడప తొక్కడానికి వీల్లేదన్నాడు. ఆమె పళ్ళెం తీసుకుని వెళ్ళి కడిగి బోర్లించింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పక్కింటావిడ దగ్గర మొగుడి నోటిలెక్క గురించి చెప్పుకోవడం కూడా ఆ రోజుతో మానేసింది. మేస్త్రి అది గమనించాడు. గమనించనట్టు ఉండడం ఆయనకి బాగా అలవాటు.

ఏళ్ళు గడిచాయి. కూతురి పెళ్ళికి మేనమామని పిలవలేదు. ఎవరైనా అడిగితే మేస్త్రి గొంతు సవరించుకుని వేరే మాట ఎత్తేవాడు. మొజాయిక్ పోయి టైల్స్ వచ్చాయి, ఆయన చేతికి పని పోయింది. ఆ తరువాత ఆమెకి జబ్బు చేసింది. మంచం పట్టాక ఒకసారి, తమ్ముణ్ణి పిలిపిస్తారా అని అడిగింది. చూద్దాంలే అన్నాడు. అది కాదనడం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. గాలి తగులుతుందని మంచం కిటికీ వైపు తిప్పితే, వద్దు, ఎప్పటిలా ఉంచండని మళ్ళీ తలుపు వైపుకే తిప్పించుకుంది. గాలి కన్నా తలుపులో ఏముందో అని ఆయన విసుక్కున్నాడు. ఆమె పోయిన రోజు వచ్చినవాళ్ళ వెనక ఎక్కడో బావమరిది కనిపించాడని ఎవరో చెవిలో చెప్పారు. మేస్త్రి తల తిప్పి చూడలేదు.

ఇప్పుడు ఆయన కూతురి దగ్గర ఉంటున్నాడు. బడి నుంచి రాగానే మనవరాలు హాల్లో బోర్లా పడుకుని హోంవర్కు చేసుకుంటుంది. ఒకరోజు దానికి మిశ్రమ భిన్నాల వర్గాలు వచ్చాయి. అంటే మన పదకొండున్నరలూ, పదమూడు ముప్పావులూ లాంటివే, పేరు మాత్రం పెద్దది. పిల్ల పెన్సిలు నములుతుంటే మేస్త్రికి పాత మీసం గుర్తొచ్చింది. ఎనిమిదిన్నర వర్గం ఎంతో చెప్పనా అన్నాడు. పైకప్పు చూసి డెబ్బై రెండుంబావు అన్నాడు. పిల్ల నమ్మకుండా వేసి చూసింది. ఎనిమిదిన్నర అంటే పదిహేడు అరలు. పదిహేడు పదిహేళ్ళు రెండువందల ఎనభై తొమ్మిది. కింద రెండు రెళ్ళు నాలుగు. భాగిస్తే డెబ్బై రెండుంబావు. మనవరాలు లేచి కూర్చుంది. మా టీచరుకి కూడా ఇంత తొందరగా రాదు తాతయ్యా అంది. ఎన్నాళ్ళకో ఆయనకి కడుపు నిండినట్టయింది.

తరువాతి లెక్క రెండు ముప్పావు. రెండు మూళ్ళు ఆరు, ముప్పావుకి ముప్పావు తొమ్మిది వీసాలు, ఆరూ తొమ్మిది వీసాలు అన్నాడు. పిల్ల తన పద్ధతిలో వేసింది. రెండు ముప్పావు అంటే పదకొండు పావులు. పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి, నాలుగు నాలుగులు పదహారు. భాగిస్తే ఏడు, పైన పదహారింట తొమ్మిది.

"తప్పు తాతయ్యా. ఆరు కాదు, ఏడు."

ఆయన నవ్వాడు. భాగహారంలో ఎక్కడో జారావు, మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ వేసినా ఏడే వచ్చింది. పుస్తకంలో తప్పు పడి ఉంటుందన్నాడు. తాతయ్య మొహం చూసి పిల్ల జాలిపడింది కాబోలు, చాక్‌పీసు తెచ్చి నేల మీద బొమ్మ గీసింది. రెండేసి అడుగుల పెద్ద చదరం. దాని కుడి పక్కన ముప్పావు వెడల్పు పట్టీ ఒకటి, పైన అలాంటిదే ఇంకొకటి. రెండు పట్టీలూ కలిసే మూల చిన్న చదరం.

"పెద్దది నాలుగు. ఈ పట్టీ ఒకటిన్నర, ఆ పట్టీ ఒకటిన్నర. మొత్తం ఏడు. ఈ మూలముక్క పదహారింట తొమ్మిది. నువ్వు చెప్పినదాంట్లో పట్టీలు చాలట్లేదు తాతయ్యా."

పుస్తకం అంటే మేస్త్రి కాదనగలడు. నేల మీద గీసినదాన్ని కాదనలేడు. బతుకంతా చూసింది నేలే. వంగి, వేలితో పట్టీల మీద రాశాడు. అదే అర అయితే ఎలాగని అడిగాడు. అర అయితే పట్టీ ఒక్కొక్కటి ఒకటే, రెండూ కలిపితే సరిగ్గా ఇంకో పూర్తి వరస, అందుకే రెండుని మూడుతో హెచ్చిస్తే సరిపోయిందని పిల్ల చెప్పింది. పావు అయితే రెండూ కలిపినా సగం వరసే, నీ లెక్కకి ఎక్కువొస్తుంది. ముప్పావు అయితే ఒకటిన్నర వరస, నీ లెక్కకి తక్కువొస్తుంది. ఆ ముక్క చెప్పేసి పిల్ల తరువాతి లెక్కలో పడింది.

మేస్త్రి మాత్రం లేవలేదు. ఒక్కొక్క గదీ కళ్ళ ముందుకొచ్చింది. పావు గదులు మిగిలాయి. ముప్పావు గదులు తగ్గాయి. గ్రంథాలయం హాలు ఇరవై మూడు ముప్పావు. కూతురు కాఫీ తెచ్చి ఏమైందని అడిగితే ఏం లేదమ్మా అన్నాడు.

మనిషి మనసు ఎంత పెంకిదో చూడండి. తెల్లారి ఆయన ముందు వెళ్ళింది బావమరిది దగ్గరికి కాదు, టేపు జేబులో వేసుకుని గ్రంథాలయానికి. తన లెక్కలో ఆ హాలుకి తగ్గింది పదకొండున్నర చదరపడుగులు. తలుపు దగ్గర గడి అంతకన్నా ఒక్క అడుగు పెద్దదైనా చాలు. ఆ ఒక్క అడుగు సరుకైనా వాడు ఎత్తినట్టే కదా, తను అన్న మాటల్లో కొంతైనా నిజమైనట్టే కదా. ఆ ఆశతో, పేపరు చదువుకునేవాళ్ళు వింతగా చూస్తుండగా, మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాడు. వెడల్పు రెండడుగులు. పొడవు అయిదు ముప్పావు. రెండింతలు చేస్తే పదకొండున్నర, వీసమెత్తు తేడా లేదు. ఆయన చేయి అంత నికార్సయినది, పరిచిన మందం ఎక్కడా గోరంత హెచ్చలేదు, తగ్గలేదు. తప్పంతా నోటిదే. ఎవరో వచ్చి, పెద్దాయనా, కళ్ళు తిరిగాయా అని చేయి అందించారు. ఆ చేయి పట్టుకుని లేచాడు.

బావమరిది ఊరి అవతలి కొసన రెండు గదుల ఇంట్లో ఉంటున్నాడు. మొజాయిక్ పని పోయాక కత్తులకీ కత్తెరలకీ సానపట్టి బతుకుతున్నాడు. మేస్త్రి వెళ్ళేసరికి ముందుగదిలో సానచక్రం ముందు కూర్చుని కూరగాయల కత్తి ఒకటి పదును పెడుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. గుమ్మంలో మనిషిని చూసి చక్రం ఆపాడు. తరువాత బావమరిది పక్కనున్న ముక్కాలిపీట తుడిచి ముందుకు తోశాడు.

కూర్చోవడానికి మేస్త్రికి చాలాసేపు పట్టింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గుమ్మం బయటే ఉండిపోయాయి.

"ముప్పావుకి నా లెక్క తప్పురా."

"తెలుసు బావా."

ఎప్పటి నుంచి అని అడిగాడు. మొదట్నుంచీ అన్నాడు బావమరిది. ఎలా తప్పో తనకి ఇప్పటికీ తెలియదట. పార పట్టినవాడికి తెలిసేదల్లా ఒకటే. బావ పావు అంటే మిగులుతుంది, ముప్పావు అంటే చాలదు. అందుకని పావు గదుల్లో మిగిలిందాంట్లో ఒక తట్ట బావ గొప్ప చెప్పుకోవడానికి వదిలేసి, మిగతాది ఇంటికి చేర్చేవాడు. ముప్పావు గది వచ్చినప్పుడు తెచ్చి కలిపేసేవాడు. గ్రంథాలయంలో మాత్రం ఎవరి కంటా పడకుండా ముందే తెచ్చి కలిపే వీలు దొరకలేదట. సూది బెజ్జంలో దారం అలా సరిపోతూ వచ్చింది.

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

"వినేవాడివా?" అన్నాడు బావమరిది. మాటలో పుల్లవిరుపు లేదు, అడిగినట్టే అడిగాడు. "చెబుదామని ఒకసారి ఇంటికొచ్చా. అక్క పెరట్లో పక్కింటావిడతో నీ లెక్క గురించి చెబుతోంది. ఆ మొహం చూశాక నోరు రాలేదు."

మరి ఆ రోజు హాల్లో అంతమంది ముందు ఎందుకు ఊరుకున్నావని మేస్త్రి అడగలేదు. అడగక్కర్లేదు. నోరు విప్పితే, గ్రంథాలయం పెద్దాయన నవ్వుతూ అడిగినదానికి, అవునండీ, లెక్కే తప్పిందని బావమరిది జవాబు చెప్పాల్సి వచ్చేది. చెప్పకుండా దొంగ అనిపించుకున్నాడు. అదీకాక, వేరేవాళ్ళ సరుకు తెచ్చి దాచింది నిజమే కదా, దొంగని కాదని ఏ మొహంతో అనను అన్నాడు వాడే, కత్తి అంచు బొటనవేలితో చూసుకుంటూ.

మేస్త్రి చేతులు పట్టుకోబోయాడు. బావమరిది చేతులు ఇచ్చాడు గానీ, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. చివరికి ఒకటే అడిగాడు.

"అక్క నమ్మిందా?"

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ ఒక్క మాట ఓదార్పుకి అన్నట్టే ఉంటుంది, వాడు నమ్మడు. నమ్మించాలంటే మిగతాది కూడా చెప్పాలి. కూతురితోనైనా ఎప్పుడూ చెప్పని మాట అది. మేస్త్రి తల వంచుకుని చెప్పాడు.

"నమ్మలేదురా. ఆ రోజే అన్నం పెడుతూ అడిగింది, లెక్క ఇంకొక్కసారి చూసుకోరాదూ అని. నిన్ను అనుమానించలేదు, నా లెక్కని అనుమానించింది. నేను పళ్ళెం తోసేసి లేచాను. చూసుకుని ఉంటే ఆ రాత్రికే తెలిసిపోయేది."

బావమరిది కత్తి కింద పెట్టాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం చూసి మేస్త్రి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. కొంచెం తేరుకున్నాక బావమరిది ఇటు తిరగకుండానే మాట్లాడాడు.

"అక్కకి బాగాలేదని తెలిసి మీ సందు చివర దాకా వచ్చా బావా. ఒకసారి కాదు. దీపం కనిపించేది. లోపలికొస్తే అక్క కూడా నన్ను అలాగే చూస్తుందేమోనని భయమేసింది. నువ్వంటే పడతా గానీ, అక్క కళ్ళల్లో అది చూడలేను. తిరిగి వెళ్ళిపోయా."

కిటికీ వైపు తిప్పిన మంచాన్ని ఆమె మళ్ళీ తలుపు వైపుకి ఎందుకు తిప్పించుకుందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఆ మాట ఆయన నోటి దాకా వచ్చింది. అది మాత్రం చెప్పలేకపోయాడు.